హబీబ్ సాబ్ చేపలకు వారసులు

బేతంచెర్ల హబీబ్ సాబ్‌కు చుట్ట లేదు, సారా లేదు, పేకాట లేదు. ఉన్నది ఒకటే జబ్బు. ఏ మాట ఎత్తినా "రేపు నేను లేకపోతే?" అని ఎత్తుతాడు. మనిషికి అరవై ఏళ్లు. పాలిషు పట్టిన నాపరాయి మాదిరి నున్నగా, గట్టిగా ఉంటాడు. పొద్దున్నే పళ్లెం నిండా ఉగ్గాని తిని, దాని మీద నాలుగు బజ్జీలు వేసుకుంటాడు. ఆయనకు జలుబు చేయగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. అయినా టీ అంగట్లో కూర్చుని "రేపు నేను లేకపోతే ఈ బెంచీలో నా మూల ఎవరికిస్తావప్పా?" అని అడుగుతాడు. ఎదురింటి విశ్వాసమ్మ లెక్కన ఆయన రోజుకు నలభై సార్లు చస్తాడు, నలభై సార్లూ అన్నం వేళకు లేచి వస్తాడు.

ఈ జబ్బుతోనే ఆయన ఒక గొడవ గెలవడం విశ్వాసమ్మ కళ్లారా చూసింది. అది ఫిబ్రవరి నెల. ఆమె గడపలో కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది. ఆ వీధిలో సగం ఇళ్లకు రొట్టె ఆమె చేతిదే. లైన్‌మన్ ఏసుకుమార్ వచ్చి, హబీబ్ సాబ్ ఇంటి ముందున్న స్తంభానికి నిచ్చెన ఆనించి, కరెంటు తీయించి పైకెక్కాడు. ఆయన పైకి చేరాడో లేదో, హబీబ్ సాబ్ లుంగీ ఎగ్గట్టుకుని బయటికొచ్చాడు. నిచ్చెన తీశాడు. తన అరుగు మీద పడుకోబెట్టి, దాని మీద కూర్చున్నాడు.

"సాబ్! నిచ్చెన!" అని పైనుంచి కేక.

"ఉండాది లే, యాడికీ పోదు. ముందు నా మాటకు జవాబు చెప్పు. రేపు నేను లేకపోతే?"

"మీరు యాడికి పోతాండారు సాబ్?"

"పైకి."

"పైన నేనుండా కదా! ఈడ ఏమీ లేదు సాబ్, శానా ఎండగా ఉండాది. నన్ను దింపండి."

"నువ్వు చెప్పాపెట్టకుండా కరెంటు తీస్తావు. తొట్టిలో గాలి మిషను ఆగిపోతాది. చేపలకు ఊపిరాడదు. నేనుంటే చెంబుతో నీళ్లు తీసి పోసి, తీసి పోసి, గాలి కలుపుతా. రేపు నేను లేకపోతే ఎవరు కలుపుతారు? రాసియ్యి."

"దిగినాక రాసిస్తా సాబ్!"

"దిగినాక అందరూ మరుస్తారు. ఎక్కినప్పుడే రాయల్ల."

పోయిన ఏడాది కేలండరులోంచి ఒక కాగితం చించి, వెనకవైపు ముందే ఏదో రాసిపెట్టుకున్నాడు ఆ మహానుభావుడు. దాన్నీ ఒక పెన్నునూ చింతకాయలు రాల్చే దోటికి కట్టి పైకి అందించాడు. ఏసుకుమార్ ఒక చేత్తో స్తంభాన్ని కావలించుకుని, ఇంకో చేత్తో సంతకం గీకాడు. చదివే ఓపిక ఎవరికుంటుంది? కాగితం దిగింది, నిచ్చెన లేచింది, మనిషి దిగాడు. ఆనాటి నుంచి కరెంటు తీసే ముందు హబీబ్ సాబ్ ఇంటికి ఫోను రాకుండా ఉండదు. ఆ కాగితం పటం కట్టి తొట్టి పైన గోడకు తగిలించాడు. మొగుడూ పెళ్లాల గొడవలు, సర్పంచుల గొడవలు ఎన్నో చూసిన విశ్వాసమ్మ, మనిషిని కొంగను చేసి స్తంభం మీద నిలబెట్టి గెలిచినవాణ్ని మాత్రం అదే మొదటిసారి చూసింది.

ఇంతకీ ఆ చేపల కథేమిటంటే, హబీబ్ సాబ్ ముప్పై ఏళ్లు రాళ్ల పాలిషు మిషను నడిపాడు. దుమ్ము తిన్నది చాలని మానేసి, నాలుగేళ్ల కిందట ఎనిమిది అడుగుల గాజుతొట్టి చేయించి, రెండు నల్లరాతి బండల మీద ముందుగదిలో ప్రతిష్ఠించాడు. బేతంచెర్ల నీళ్లు ఎలాంటివో తెలిసిందే. బిందెకు తెల్లగా సున్నం కడతాయి, కుళాయి గొంతు నొక్కేస్తాయి. ఆ నీళ్లలో మొదట వేసిన చేపలన్నీ వారంలో తేలాయి. అప్పుడు కర్నూలు చేపల అంగడివాడు, సున్నపు నీళ్లే ఇష్టపడే ఆఫ్రికా చేపలు అంటగట్టాడు. అవి మాత్రం పుట్టింటికి వచ్చినట్టు బలిశాయి. "నీళ్లు బాగలేవని మనుషులు ఊరొదిలి పోతాంటే, నీళ్లు బాగుండాయని ఆఫ్రికా నుంచి వచ్చినాయి చూడు, సిగ్గులేని ముండలు" అనేది విశ్వాసమ్మ.

వాటిలో ఒకటి మూరెడు చేప. ఒంటి నిండా నీలం చారలు, నొసట ఇంత బొప్పి. పని లేకున్నా గంభీరంగా అటూ ఇటూ తిరుగుతుంది, మిగతావి దారి ఇస్తాయి. దానికి కలెక్టరు అని పేరు పెట్టాడు హబీబ్ సాబ్. జబ్బు తెచ్చింది అదే. కొన్ననాడు అంగడివాడు "బాగా చూసుకుంటే ఇది పాతికేళ్లు బతుకుతుంది సార్" అన్నాడు. ఎవరైనా సంతోషిస్తారు. ఈయన మాత్రం బస్సులో వేళ్లు మడుచుకుంటూ వచ్చాడు. ఓర్వకల్లు దాటేసరికి లెక్క తేలింది: చేప కంటే తానే ముందు పోతాడు. బస్సులోనే పక్కవాణ్ని అడిగాడట, "రేపు నేను లేకపోతే?" అని. వాడు జడిసి సీటు మారాడు.

ఇక అక్కడి నుంచి వారసుల వేట. మొదటి వంతు కూతురు కౌసర్‌ది. కడపలో కాపురం. పండక్కి వచ్చిన పిల్లకు పాయసమన్నా పెట్టకముందే తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు.

"నాయనా, మాది రెండో అంతస్తు. ఈ తొట్టి పెడితే కింద ఇంటోళ్ల నెత్తిన పడతాది."

"కింద ఇల్లు తీసుకో."

"చేపల కోసం ఇల్లు మారల్లనా?"

"రేపు నేను లేకపోతే..."

"మీరు లేకపోతే వీటిని పులుసు పెట్టి ఊరందరికీ పోస్తా!" అంది కౌసర్. వాళ్ల నాయన మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. ఆమె తిరిగి పోయేదాకా వంటింటికి, తొట్టికి మధ్య మంచం వేసుకుని పడుకున్నాడు.

రెండో వంతు పాత భాగస్తుడు వీరభద్రది. నమ్మకస్తుడు, చెయ్యి శుభ్రం. అతన్ని పరీక్షించడానికి హబీబ్ సాబ్ కావాలని రెండు రోజులు కోడుమూరు చుట్టాలింటికి పోయాడు. తిరిగొచ్చి చూస్తే తొట్టి మజ్జిగ కుండలా ఉంది. కలెక్టరు ఒక్కటీ మసకలో తనిఖీ చేస్తున్నట్టు తిరుగుతోంది.

"ఏం వేసినావప్పా?"

"మేతే. దినామూ అదే మేత తిని నోరు చప్పబడి ఉంటాదని, మా మనవరాలి పుట్టినరోజు బూందీ రెండు పిడికిళ్లు వేసినా. శానా ఇష్టంగా తినినాయి హబీబూ!"

వీరభద్ర పేరు కొట్టేశాడు. నీళ్లు మార్చడానికి నాలుగు రోజులు పట్టింది.

మరి ఎదురుగానే ఉన్న విశ్వాసమ్మను ఎందుకు అడగలేదంటే, ఆమెను ఏదైనా అడగడమంటే తేనెతుట్టెను దారి అడిగినట్టే. డెబ్బై నిండిన మనిషి. మొగుడు ఏసేపు పోయి ఇరవై ఏళ్లు. పిల్లలు లేరు. మూడో తరగతి దాకా చదివింది. ఆ మూడు తరగతులనూ కిరీటంలా పెట్టుకుని తిరుగుతుంది. ఒకరి దగ్గర చెయ్యి చాచింది లేదు, ఒకరిచ్చింది పుచ్చుకున్నదీ లేదు. ఉండేది రేకుల ఇల్లు. వెనకటి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ రేకుల కింద వడదెబ్బ తగిలి పడిపోతే, హబీబ్ సాబూ ఆయన భార్య ఫిరోజా ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తారు. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కదని డాక్టరు వాళ్లిద్దరికీ గట్టిగా చెప్పాడు. ఈమె మాత్రం కళ్లు తెరిచి "నిద్ర పోతాంటే ఏంటికి లేపినారు?" అంది. ఆ మరునాడు హబీబ్ సాబ్ ఒక కూలరు పంపిస్తే, ఆ బరువంతా తానే ఈడ్చుకొచ్చి వీధి మధ్యలో పెట్టి, ఊరంతా వినేలా తిట్టింది.

"నాకు దానం పంపేటంత మొగోడివైనావా? నా చేతి రొట్టె తిని పెరిగిన కండ నీది!"

ఆ గొడవ ఆయన ఓడిపోయాడు. కూలరును తానే మోసుకుని లోపలికి పోయాడు.

కరెంటు స్తంభం గొడవ తర్వాత నెల రోజులు హబీబ్ సాబ్ వారసుల మాట ఎత్తలేదు. జబ్బు నయమైందని ఊరు సంతోషించింది. మార్చి నెలాఖరుకు ఎండ ముదిరి, వీధిలో పరిచిన బండల మీద పాదం పెట్టలేని రోజులు వచ్చేసరికి మళ్లీ తిరగబెట్టింది. ఈసారి మామూలుగా కాదు. ఒక పొద్దున మంచం మీద వెల్లకిలా పడుకుని, తెల్ల దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఫిరోజాతో చెప్పాడట: "ఈ పూటకు నేను లేను. చేపలకు మేత నువ్వు వెయ్యొద్దు. ఎవరు వేస్తారో చూస్తా."

"లేకపోతే టీ ఎవరు తాగుతారు, కాచినా!" అంది ఫిరోజా.

"ఆడ పెట్టు. లేచినాక తాగుతా."

ఇది ఉత్తుత్తి చావని ఆమె పక్కింటికి చెప్పింది. పక్కింటి నుంచి మాట పాలిషు మిషన్ల దాకా పోయేసరికి "ఉత్తుత్తి" రాలిపోయి చావు ఒక్కటే మిగిలింది. వీరభద్ర మిషను ఆపి పరుగెత్తుకొచ్చాడు. రాళ్ల లోడుతో పోతున్న లారీ డ్రైవరు ఒకడు దండ తెచ్చాడు. ముందుగది నిండిపోయింది. ఫిరోజా అందరికీ టీలు పోస్తూ, లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఏడుస్తోందనుకున్నారు జనం.

రొట్టెల పిండి చేత్తోనే విశ్వాసమ్మ వీధి దాటి వచ్చింది. మంచం వైపు ఒక్కసారి చూసింది. పిండి చేత్తోనే మంచం కోడు పట్టుకున్న మాట నిజమే కానీ, ఆ సంగతి ఇప్పటికీ ఎవరితోనూ ఒప్పుకోదు. మంచం మీద నుంచి చూపు తిప్పితే తొట్టి కనబడింది. ముప్పై చేపలూ అద్దానికి మూతులు ఆనించి నోళ్లు తెరుస్తున్నాయి.

"ఏమప్పా, మీకు టీలు కావల్సి వచ్చినాయా?" అని జనం మీద పడింది. "పోయినోడు పోయినాడు. వీటికి ఆకలి ఉండదా? ఇంతమంది మొగోళ్లు నిలబడి చూస్తాండారే, ఒకనికన్నా చెయ్యి రాలేదా?" మేత డబ్బా ఊడబెరికి, పిండి చేత్తోనే చిటికెలు చిటికెలుగా వేసింది. "తినండి, నోళ్లు తెరిచేది మానేసి తినండి! ఓ బొప్పి నాకొడుకా, వెనకున్నోళ్లకు వదలవా? మీ సాబు మాదిరే నీకూ అన్నీ నీకే కావల్లనా?"

వెనక నుంచి గొంతు వినిపించింది. "పాసైనావక్కా!"

దుప్పటి తోసేసి శవం లేచి కూర్చుంది. దండ తెచ్చిన లారీ డ్రైవరు మళ్లీ ఆ వీధిలోకి రాలేదు. మేత డబ్బా హబీబ్ సాబ్ నెత్తిన ఎన్ని సార్లు పడిందో, వీరభద్ర ఏడు అంటాడు, ఫిరోజా తొమ్మిది అంటుంది.

దెబ్బలు తింటూనే ఆయన తీర్పు చెప్పాడు. తన తర్వాత చేపలకు విశ్వాసమ్మే దిక్కు. వీరభద్ర పకపకా నవ్వాడు. "అరవై ఏండ్లోనివి, నీ తర్వాత చూసుకోమని డెబ్బై ఏండ్లామెకు అప్పజెప్తాండావా? ఇదేం ముందుచూపప్పా!"

ఆ మాట విశ్వాసమ్మకు కొరడాలా తగిలింది. "నీ కంటే, ఆయన కంటే నేనే ముందు పోతానని నీకెవరు చెప్పినారు? ఇంతమందిలో పాసైంది నేను. బూందీ వేసి ఫెయిలైనోడివి, నువ్వు నోరెత్తొద్దు."

"అయితే రేపటి నుంచే పని నేర్చుకోవల్ల అక్కా" అన్నాడు హబీబ్ సాబ్. "పదకొండు నుంచి నాలుగు దాకా తొట్టి దగ్గర మనిషి ఉండల్ల. కరెంటు పోయేది ఆ యాళకే. బ్యాటరీతో కూలరు తిరుగుతాది, నీళ్లు కాగకుండా. గాలి మిషను మాత్రం తిరగదు. చెంబుతో నీళ్లు తీసి పోయల్ల. నేర్చుకోకపోతే రేపు నేను లేకపోతే..."

"ఊరికే రాను. మీ ఇంటి మెతుకు తినను. నా రొట్టె నేనే తెచ్చుకుంటా."

"తెచ్చుకో."

అలా కుదిరింది కొలువు. పదకొండు కొట్టగానే రొట్టె మూట చంకన పెట్టుకుని, ఉద్యోగస్తురాలిలా వీధి దాటేది. తాను వీధిలో పారేసిన కూలరే అక్కడ తిరుగుతోంది. "చేపలకు కదా, నాకేం" అనుకుని దాని ఎదురుగా కూర్చునేది. నాలుగింటి దాకా వాటిని తిట్టేది. అడ్డం తిరిగే పసుపు చేపను తిట్టేది, మేత ఉమ్మేసే ఎర్రచేపను తిట్టేది, కలెక్టరును పేరు పెట్టి తిట్టేది. ఆమె గొంతు వినబడితే చాలు, అవన్నీ అద్దం దగ్గరికి చేరేవి. కరెంటు పోయినప్పుడల్లా ఫిరోజా ఏదో పనున్నట్టు పరదా వెనక్కి పోయేది. బుడగలు ఆగేవి. విశ్వాసమ్మ కొంగు దోపుకుని, చెంబుతో తోడి పోస్తూ ఆఫ్రికాను కాపాడేది.

మే నెల నడిమిలో ఒకనాడు ఫిరోజాను వెంటబెట్టుకుని హబీబ్ సాబ్ పొరుగూరి పెళ్లికి పోయాడు. రొట్టె తిన్న విశ్వాసమ్మకు చల్లగాలికి కన్ను మూతబడింది. లేచి చూస్తే బయట ఏసుకుమార్ స్తంభం దిగుతున్నాడు.

"ఎంతసేపైంది రా కరెంటు తీసి?"

"రెండు గంటలు పెద్దమ్మా. సాబ్‌కు ఫోను చేసే తీసినా."

చెంబు అందుకుని తొట్టి మీదికి ఉరికింది. తొట్టిలో బుడగలు వరసగా, పెళ్లి బాజాలా, గుడగుడమని లేస్తున్నాయి. కలెక్టరు ఆవులించినట్టు నోరు తెరిచి మూసింది. ఆమె చెంబు దించి, తీగ పట్టుకుని పోయింది. పరదా వెనక దున్నపోతు దూడంత బ్యాటరీ ఉంది. కూలరు తీగ దానికే, గాలి మిషను తీగా దానికే. మధ్యలో గాలి మిషను ఆపే చిన్న స్విచ్చి. ఫిరోజా వేలి పసుపు ఇంకా దాని మీదే ఉంది.

"ఏమి రా ఇది?"

ఏసుకుమార్ లోపలికొచ్చి చూసి, తల గోక్కున్నాడు. "నేను పెట్టిందే కదా పెద్దమ్మా. తొట్టి బాధ్యత నాది కదా. నెలకు రెండు ఆదివారాలు వచ్చి కడిగేది కూడా నేనే."

"ఫ్యూజు చూసేకి వస్తాండావనుకుంటి. నీదేంటికి బాధ్యత? పాసైంది నేను!"

"స్తంభం మీద రాసిచ్చినా కదా. ఏం రాసిచ్చినానో నాకూ దిగినాకే తెలిసింది." నవ్వాడు ఏసుకుమార్. "అయినా మా పిల్లోళ్లకు చేపలంటే ప్రాణం పెద్దమ్మా. సరే అంటి."

విశ్వాసమ్మ పటం కిందికి పోయి నిలబడింది. ఆ మూడు తరగతులనూ బయటికి తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. కరెంటు సంగతి పైన ఒక్క వరసే ఉంది. కింద రెండు వరసలు: "హబీబ్ సాబ్ లేని నాడు ఈ చేపలకు నేనే దిక్కు. మా ఇంటికి తీసుకుపోయి సాకుతాను." దాని కింద వంకరటింకర సంతకం. తేదీ ఫిబ్రవరి.

ఫిబ్రవరిలోనే చేపలకు దిక్కు దొరికితే, మార్చిలో ఈ మనిషి ఎవరి కోసం చచ్చాడు? వీరభద్ర నవ్విన నవ్వు ఇప్పుడు చెవిలో మోగింది. బస్సులో కూర్చుని చేప ఆయుష్షు లెక్కగట్టినవాడు, అరవైకీ డెబ్బైకీ తేడా తెలియకుండా ఉంటాడా? చేపలను తనకు అప్పజెప్పాడనుకుంది ఇన్నాళ్లూ. దొంగనాయాలు, తననే చేపలకు అప్పజెప్పాడు.

రొట్టె మూట ముడివేసింది. ఇంక ఈ గడప తొక్కితే ఒట్టు అనుకుంటూ బయటికి వచ్చింది. చెప్పులు లేవు.

అరుగు మీద హబీబ్ సాబ్ కూర్చుని ఉన్నాడు. ఏసుకుమార్ ఫోను అందగానే, స్విచ్చి ఆపే మనిషి ఇంట్లో లేదని గుర్తొచ్చి, పెళ్లిలో సగం బిరియానీ వదిలేసి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, చొక్కాకు ఇంకా మెతుకులున్నాయి. పక్కన ఫిరోజా రొప్పుతోంది. విశ్వాసమ్మ చెప్పులు ఆయన ఒళ్లో ఉన్నాయి. వీధి బండల మీద ఎండ పెనంలా కాగుతోంది.

"చెప్పులియ్యప్పా."

"ఉండాయి లే, యాడికీ పోవు."

"నాకు దానమా? కూలరుకు చేపల వేషం వేసి దానం పెడ్తాండావా?"

"ఎవరన్నారు? కలెక్టరును అడుగు. నువ్వు రాని పూట అది మేత ముట్టదు. మేత ఏసుకుమార్ వేస్తాడు. తిట్టేదెవరు?"

"నీ పెండ్లాముండాది కదా తిట్టేకి."

"నా తిట్లు మీ తమ్మునికే చాలవక్కా" అంది ఫిరోజా.

విశ్వాసమ్మ ఒక పాదం బండ మీద పెట్టి, చటుక్కున తీసుకుంది. నవ్వు వస్తున్నట్టుంది, దాన్ని పంటి కింద నొక్కింది. "నీ దొంగ చావుకు నా పిండంతా ఎండిపాయె ఆ పొద్దు. తెలుసునా నీకు? నాలుగు శేర్ల పిండి!"

హబీబ్ సాబ్ జేబులోంచి కేలండరు కాగితం తీశాడు, పెన్ను తీశాడు. కాగితాన్ని చెప్పు మీద పెట్టి చదును చేశాడు. ఇంత కాలంగా ఆ వీధి వింటున్న మాట మొట్టమొదటిసారి తిరగబడింది.

"రేపు నువ్వు లేకపోతే అక్కా?" అన్నాడు. "అందుకే రాసియ్యి. కలెక్టరు కంటే ముందు నేను పోను అని రాసి, కింద సంతకం పెట్టు. పెట్టినాకే చెప్పులు."